ఏసీఎల్ సర్జరీ తర్వాత తొడ బలం: కసరత్తు ఒక్కటే చాలా, కరెంట్ కూడా కావాలా?

ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్) సర్జరీ అయిన కొద్ది రోజులకే తొడ ముందు కండరం సన్నబడిపోతుంది. కాలు వాడకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. మోకాల్లో వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి వెళ్లే సంకేతాలను వెన్నుపాము తగ్గించేస్తుంది. ఎంత గట్టిగా ప్రయత్నించినా తొడ పూర్తిగా బిగుసుకోదు, చాలామంది అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే.

మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కే వ్యాయామానికి ఖర్చు లేదు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. కానీ కండరం సగమే పలుకుతుంటే ఫలితమూ సగమే. కాలు చాచి పైకెత్తినప్పుడు మోకాలు కాస్త వంగిపోతోందా? అదే గుర్తు.

కండరాన్ని బిగించే కరెంట్ మెషీన్ నాడిని నేరుగా ప్రేరేపిస్తుంది కాబట్టి ఆ అడ్డంకిని దాటేస్తుంది. చర్మం చిమచిమలాడితే సరిపోదు, తొడ గట్టిగా బిగుసుకోవాలి. నొప్పికి వాడే టెన్స్ మెషీన్ వేరు, దానితో ఈ పని జరగదు. పేస్‌మేకర్ ఉంటే డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

నా ఓటు మొదటి వారాల్లో రెండూ కలిపి చేయడానికే. కరెంట్ వచ్చినప్పుడే మీరూ బిగించండి. తర్వాత మెషీన్ పక్కనపెట్టి, ఫిజియో చెప్పిన వరుసలో బరువులు పెంచుకుంటూ వెళ్లాలి. ఆటలోకి దిగేముందు సర్జరీ అయిన కాలికి రెండో కాలి బలంలో కనీసం 90 శాతం వచ్చిందో లేదో కొలిపించుకోండి.