సురభి డేరానా, నీనాసం తిరుగాటా?

నటుడిగా ఒక సీజన్ గడపడానికి ఈ రెండూ వేరు వేరు లోకాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకం కుటుంబాల సొత్తు. నడక రాని పాప కూడా బాలకృష్ణుడిగా రంగం మీదికొచ్చేస్తుంది. ఘటోత్కచుడు తీగల మీద గాల్లోకి లేస్తుంటే, తెర పక్కన తాడు లాగేది అతని తమ్ముడో బాబాయో. ఆ నమ్మకం ఏ ట్రైనింగ్‌లోనూ దొరకదు, చూస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కర్ణాటకలోని హెగ్గోడు ఊళ్లో ఉన్న నీనాసం నాటక సంస్థ 1985లో మొదలుపెట్టిన సంచార నాటక బృందం తిరుగాట అలా కాదు. అక్కడ నటుల్లో చాలామంది ఏటేటా మారతారు. రెండు మూడు నాటకాలు రిహార్సల్ చేసుకుని, నెలల తరబడి ఊరూరా తిరుగుతారు. కన్నడం వచ్చిన కొత్త నటుడికి నేను తిరుగాటే చెబుతాను, బయటివాళ్లకు చోటుంది కాబట్టి. పద్యం నేర్చుకోవాలనుకుంటే మాత్రం సురభి వాళ్ల దగ్గర కూర్చోవాల్సిందే.