సూఫ్యాన్ స్టీవెన్స్ "ఇల్లినాయ్" విన్నాక: అంత పెద్ద మేళం, అంత మెత్తటి గొంతు

నాకు సంగీతం రాదు, పాటలు వినడం ఇష్టం అంతే. ఆర్కెస్ట్రా ఉన్న ఇండీ పాప్ (పెద్ద కంపెనీలకి బయట సొంతంగా చేసుకునే పాప్ పాటలు) అంటే వయొలిన్లు పొంగుతా ఉంటాయి, పాట ఎక్కడుందో వెతుక్కోవాలి అనుకునేదాన్ని, అమెరికన్ గాయకుడు సూఫ్యాన్ స్టీవెన్స్ చేసిన ఈ ఆల్బమ్ వారం నుంచీ వింటున్నా, ఇందులో అలా లేదు.

2005 జూలైలో వచ్చింది, 22 ట్రాకులు, దాదాపు 74 నిమిషాలు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం మీద మొత్తం ఆల్బమ్, అక్కడి ఊళ్ళు, మనుషులు, చరిత్ర అన్నీ పాటల్లోకి వచ్చేస్తాయి. పియానో, బ్యాంజో, ఓబో (సన్నాయిలాంటిది), ఫ్లూట్, శాక్సోఫోన్, అకార్డియన్ ఇవన్నీ ఆయనే వాయించాడట, ట్రంపెట్, వయొలిన్లు, కోరస్ వేరేవాళ్ళు. ఇన్ని ఉన్నా మెరిసిపోయే స్టూడియో సౌండ్ కాదు, కొంచెం గరుకుగా, ఒకే గదిలో అందరూ కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది, నాకు అదే నచ్చింది.

"కమాన్ ఫీల్ ది ఇల్లినాయిజ్" పాట మొదట్లో కాలితో తాళం వేద్దామంటే కుదర్లేదు, మళ్ళీ విన్నాక అర్థమైంది నాలుగు కాదు ఐదు దెబ్బలు, తక తకిట అన్నట్టు నడుస్తుంది. 1893లో చికాగోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ గురించి ఆ భాగం, అందుకే ట్రంపెట్లూ కోరస్సూ జాతరలా మోగుతాయి. తర్వాత సగంలో తాళం మామూలు నాలుగు దెబ్బలకి మారిపోయి కార్ల్ శాండ్‌బర్గ్ అనే కవి కలలోకొస్తాడు, అక్కడ పాట ఒక్కసారి మెత్తబడుతుంది చూడండి, ఆ మలుపు కోసమే నేను వెనక్కి జరిపి జరిపి విన్నా.

"చికాగో" చాలామందికి తెలిసే ఉంటుంది. వ్యాన్‌లో ఊళ్ళు తిరుగుతూ చాలా తప్పులు చేశానని ఒప్పుకునే పాట, పైకి మాత్రం పండగలా ఉంటుంది. మధ్యలో మేళమంతా తగ్గి ఆ గొంతు ఒక్కటే మిగిలి, మళ్ళీ ఒక్కోటీ వచ్చి చేరతాయి. ఆయన గట్టిగా పాడడు ఎక్కడా, దాదాపు చెవిలో చెప్పినట్టే పాడతాడు, అరిచే పనంతా చుట్టూ ఉన్న వాయిద్యాలు చేస్తాయి.

కానీ నన్ను పట్టుకుని వదలనిది "క్యాసిమిర్ పులాస్కి డే". పులాస్కి అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన పోలండ్ సైనికాధికారి, మార్చి మొదటి సోమవారం ఇల్లినాయ్‌లో ఆయన పేరుతో సెలవు. ఎముకల క్యాన్సర్ వచ్చిన అమ్మాయి, ఆమెని ఇష్టపడ్డ అబ్బాయి, అందరూ ప్రార్థన చేస్తారు, ఏమీ మారదు, ఆ సెలవు రోజు పొద్దున ఆమె పోతుంది. గిటార్, బ్యాంజో తప్ప పెద్దగా ఏమీ ఉండవు చాలాసేపు. ఏడుపు రాగం కూడా కాదు, చిన్న చిన్న విషయాలు వరసగా చెప్పుకుంటూ పోతాడు అంతే, చివర్లో మాటలైపోయి ట్రంపెట్ వస్తుంది, ఆ ట్రంపెట్ దగ్గర నా వల్ల కాలేదు. పక్క పాటల్లో అంత సందడి విన్నాం కాబట్టే ఈ నిశ్శబ్దం ఇంత గట్టిగా తగుల్తుందనిపించింది.

జాన్ వేన్ గేసీ అనే హంతకుడి మీద పాట మాత్రం ఒంటరిగా రాత్రిపూట వినొద్దు. అంత నెమ్మదిగా పాడి ఆఖర్న తన లోపలికి కూడా చూసుకుంటాడు, అది ఇంకా భయం. "డికేటర్" దానికి పూర్తిగా వేరే, సవతి తల్లి మీద ప్రేమగా, ప్రాసలతో గంతులేసే పాట.

నచ్చనిది నిడివి. మధ్యలో అర నిమిషం, నిమిషం ఉండే వాయిద్యాల ముక్కలు, వాటి పేర్లేమో పాటకంటే పొడుగు, రెండు మూడు తీసేసినా ఏం లోటుండేది కాదు. "ది సియర్స్ టవర్" దగ్గరికొచ్చేసరికి నాకు కాస్త అలసట వచ్చేసింది, అది విడిగా వింటే మంచి పాటే పాపం.

మొదటిసారి వినేవాళ్ళు "చికాగో", "క్యాసిమిర్ పులాస్కి డే" రెండూ విని, నచ్చితే ఇంకో రోజు మొదటి నుంచి వరసలో పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, ఆ ఓబో, ఫ్లూట్ అన్నీ కలిసిపోయి గోలలా వినిపిస్తాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక్కోటీ ఏ పక్కనుంచి వస్తుందో తెలుస్తుంది.