అంటువ్యాధుల మీద పీజీ: యూకేలో ఏడాదా, ఇక్కడ రెండేళ్ల ఎంపీహెచ్చా?

బీడీఎస్, ఫార్మ్‌డీ, నర్సింగ్, మైక్రోబయాలజీ చదివినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఎంపీహెచ్ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ప్రజారోగ్యంలో పీజీ. ర్యాంకులూ ఫీజులూ అందరూ చూసేవే. అసలు చూడాల్సింది డిజర్టేషన్‌కి (చివర్లో చేసే పరిశోధన ప్రాజెక్టుకి) ఎన్ని నెలలిస్తారు, దానికి డేటా ఎక్కణ్నుంచి వస్తుంది అన్నది.

యూకే ఎమ్మెస్సీ 180 క్రెడిట్లు. ప్రాజెక్టుకి సాధారణంగా 45 నుంచి 60. క్లాసులు, పరీక్షలు అయ్యేసరికి జూన్ వస్తుంది, సెప్టెంబరు మొదటికల్లా రిపోర్టు ఇచ్చెయ్యాలి. ఖమ్మంలో ఎన్ని ఇళ్లలో డెంగీ దోమ లార్వా ఉందో సర్వే చేద్దామనుకున్నారనుకోండి. 50 శాతం ఇళ్లలో ఉందనుకుని, 5 శాతం అటూఇటూ తేడా ఒప్పుకుంటే శాంపిల్ 384 ఇళ్లు. ఇళ్లను విడివిడిగా కాక క్లస్టర్లుగా (వీధుల్లాంటి గుంపులుగా) తీస్తే దాన్ని డిజైన్ ఎఫెక్ట్ అనే 2తో హెచ్చించాలి, అంటే 768. ఒక్కరే రోజుకి 15 ఇళ్లు తిరిగితే 52 రోజులు. అంతకుముందే అక్కడి ఎథిక్స్ కమిటీ, ఇక్కడి ఎథిక్స్ కమిటీ రెండూ సరేననాలి. విదేశీ సంస్థతో ఉమ్మడి పరిశోధనగా లెక్కకొస్తే కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ కూడా. మూడు నెలల్లో తెమిలే పని కాదు. అందుకే చాలామంది పాత సర్వే డేటాతోనో, సిస్టమాటిక్ రివ్యూతోనో (అచ్చయిన అధ్యయనాలన్నీ పద్ధతిగా సమీక్షించడం) సరిపెట్టుకుంటారు. అదీ చదువే, కానీ ఫీల్డు పని చేతికి రాదు.

ఫీల్డు పని ఎలా ఉంటుందో చూడండి. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు కేస్ డెఫినిషన్ (ఎవరిని రోగిగా లెక్కించాలో) రాయాలి. లైన్ లిస్టులో (రోగుల పట్టికలో) జబ్బు మొదలైన తేదీ, వయసు, తాగిన నీళ్లు ఎక్కడివో ఉండాలి. కుళాయి చివర ఫ్రీ క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములకు తగ్గిందేమో చూడాలి. యాంటీబయాటిక్ వేశాక మలం శాంపిల్ తీస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఆ వీధిలో మొత్తం ఎందరున్నారో రాసుకోకపోతే అటాక్ రేటు (ఎంత శాతం మందికి జబ్బొచ్చిందో) కట్టలేం. ఇవన్నీ తప్పులు చేసి, దిద్దుకుంటూ నేర్చుకునేవి. రెండేళ్లలో ఆ వీలుంది. అందుకే అంటువ్యాధులే లక్ష్యమైతే నా మొగ్గు ఇక్కడి ఎంపీహెచ్ వైపే. తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ సెంటర్‌లో ఈ కోర్సు 1997 నుంచీ ఉంది. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా చూడండి. అన్ని కాలేజీలూ ఇలాంటివి కావు. జిల్లా వ్యాధుల నిఘా విభాగంలో పోస్టింగ్ లేకుండా క్లాసులతో, సర్టిఫికెట్ కోసం చేసే ఇంటర్న్‌షిప్‌తో ముగించేవీ ఉన్నాయి.

పాలసీ, మ్యాథమెటికల్ మోడలింగ్ అయితే మాట వేరు. అక్కడ లండన్‌దే పైచేయి. మూడేళ్లు ఫీల్డులో పనిచేసి వెళ్తే ఆ ఏడాది పూర్తిగా ఉపయోగపడుతుంది. యూకే ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి కూడా 2,800 గంటల ఉద్యోగానుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అప్పు చేసి వెళ్లేవాళ్లు వీసా లెక్క ముందే వేసుకోవాలి. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసేందుకు ఇచ్చేది) రెండేళ్లు కాదు, 18 నెలలే. తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఏటా 41,700 పౌండ్ల జీతం చూపాలి, గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్లకు మాత్రం పరిమితి కొంత తక్కువ. ఎమ్మెస్సీ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు 2024 జనవరిలోనే పోయింది.

అమెరికా ఎంపీహెచ్ కనీసం 42 క్రెడిట్లు, ఖర్చు ఎక్కువ. వెళ్తే ఎపిడెమియాలజీ స్టెమ్ కోడ్ (సైన్సు, టెక్నాలజీ కోర్సుల జాబితాలోని కోడ్) ఉన్న కోర్సే తీసుకోండి, ఓపీటీకి (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతికి) మరో 24 నెలలు కలుస్తాయి. 2025లో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడ్డాక గ్లోబల్ హెల్త్ ఉద్యోగాలు అక్కడ బాగా తగ్గాయి.

ఎక్కడికైనా సరే, అప్లై చేసేముందు గత మూడేళ్ల డిజర్టేషన్ల పేర్లు పంపమని కోర్సు కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి. అందులో సొంతంగా సేకరించిన డేటాతో చేసినవి ఎన్నో లెక్కపెట్టండి.