మెటా యాడ్స్ మేనేజర్: టూల్ గట్టిదే, డిఫాల్ట్‌లతోనే పేచీ

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్‌తోనే సరిపెట్టుకునే కంపెనీలు ఇంకా చాలానే ఉన్నాయి. లైకులు వస్తాయి, సరుకు కదలదు. అసలు పట్టు యాడ్స్ మేనేజర్‌లో, అంటే మెటా ప్రకటనలు పెట్టి నడిపే టూల్‌లో ఉంది. అందులో మూడు అంచెలు: క్యాంపెయిన్‌లో లక్ష్యం, యాడ్ సెట్‌లో ఎవరికి చూపాలి, ఎక్కడ చూపాలి అన్నది, యాడ్‌లో బొమ్మా మాటా.

లక్ష్యం దగ్గరే సగం తేలిపోతుంది. ట్రాఫిక్ అని పెడితే క్లిక్ చేసే అలవాటున్నవాళ్లను వెతికి తెస్తుంది, కొనేవాళ్లను కాదు. అమ్మకాలు కావాలంటే సేల్స్ ఎంచుకుని పర్చేజ్ ఈవెంట్‌కు (సైట్‌లో కొనుగోలు జరిగినట్టు పడే నమోదుకు) ఆప్టిమైజ్ చేయాలి. చిన్న బడ్జెట్లకు చిక్కు ఇక్కడే. ఒక్కో యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 కన్వర్షన్లు (మనం కోరిన పని, ఇక్కడ కొనుగోలు) పడితేగానీ లర్నింగ్ ఫేజ్ (యాడ్ ఎవరికి చూపాలో సిస్టమ్ నేర్చుకునే దశ) దాటదు. ఉన్న డబ్బును ఐదు యాడ్ సెట్లకు పంచితే ఏదీ గట్టెక్కదు, ఒక్కదాంట్లోనే పెట్టండి. అప్పటికీ 50 అందకపోతే ఒక మెట్టు దిగి యాడ్ టు కార్ట్‌కు (సరుకును కార్ట్‌లో వేసుకోవడానికి) ఆప్టిమైజ్ చేయండి. మధ్యలో టార్గెటింగ్ మార్చినా, బడ్జెట్ ఒక్కసారిగా పెంచినా లర్నింగ్ మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పే బాసులున్న చోట ఈ టూల్‌తో వేగడం కష్టం.

రిపోర్టులో కనిపించే అమ్మకాలను మాత్రం యథాతథంగా నమ్మకండి. డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం యాడ్ క్లిక్ చేసిన 7 రోజుల్లో కొన్నా, ఊరికే చూసిన 1 రోజులో కొన్నా ఆ అమ్మకం ఘనత యాడ్‌కే పోతుంది. అదే ఆర్డరును గూగుల్ యాడ్స్ కూడా తనదే అనవచ్చు. రెండూ కూడితే వచ్చిన ఆర్డర్లకన్నా ఎక్కువ తేలుతుంది. అట్రిబ్యూషన్ (అమ్మకం ఘనత ఏ యాడ్‌దో తేల్చే) సెట్టింగ్‌లను పోల్చే ఆప్షన్ తెరిచి, 1 రోజు వ్యూ అంకెను విడదీసి చూడండి. రీటార్గెటింగ్‌లో (ఇదివరకే సైట్‌కు వచ్చినవాళ్లకు మళ్లీ చూపే యాడ్లలో) ఆ వాటా పెద్దదైతే, ఎలాగూ కొనేవాళ్ల మీదే ఖర్చు పెడుతున్నామేమోనని అనుమానించాలి.

2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 నుంచి ట్రాకింగ్‌కు యూజర్ అనుమతి అడగాల్సిందేనని ఆపిల్ పట్టుబట్టాక, ఒట్టి పిక్సెల్‌కు (బ్రౌజర్ నుంచి ఈవెంట్లు పంపే, సైట్‌లో పెట్టే కోడ్‌కు) అందని ఈవెంట్లు పెరిగాయి. మన సర్వర్ నుంచే నేరుగా మెటాకు ఈవెంట్లు పంపే కన్వర్షన్స్ ఏపీఐ కూడా పెట్టాల్సిందే. అయితే రెండు వైపుల నుంచీ ఒకే ఈవెంట్ పేరు, ఒకే ఈవెంట్ ఐడీ వెళ్లాలి. లేదంటే ఒక కొనుగోలు రెండుగా పడుతుంది, రాబడి చూడముచ్చటగా రెట్టింపవుతుంది! ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ తెరిచి ఒక ఆర్డరు పెట్టి చూస్తే, రెండిట్లో ఒకటి డీడూప్లికేటెడ్ (నకలుగా గుర్తించి తీసేసింది) అని కనిపించాలి.

యాడ్‌లోనే తెరుచుకుని కస్టమర్ల వివరాలు సేకరించే లీడ్ ఫామ్‌లో పేరు, నంబరు ముందే నిండి ఉంటాయి కాబట్టి చాలామంది చదవకుండానే సబ్మిట్ కొట్టేస్తారు. ఫోన్ చేస్తే ‘మేమెప్పుడు అడిగాం?’ అంటారు. హయ్యర్ ఇంటెంట్ రకం ఎంచుకుంటే పంపేముందు వివరాలు సరిచూసుకునే మెట్టు ఒకటి వస్తుంది. దానికి తోడు చేత్తో టైపు చేయాల్సిన ప్రశ్న ఒక్కటైనా పెట్టండి. లీడ్ల సంఖ్య తగ్గుతుంది, తగ్గనివ్వండి. వచ్చినవాటిని ఎప్పటికప్పుడు సీఆర్ఎంలోకి (కస్టమర్ల వివరాలు ఉంచుకునే సాఫ్ట్‌వేర్‌లోకి) లాగేయండి, 90 రోజులు దాటితే డౌన్‌లోడ్ కావు.