రాయెవాట్స్ దారా, బోరా దారా: సంచార కోచ్‌కు ఏది మేలు?

సెర్బియా పశ్చిమాన ఉన్న జ్లాటిబోర్ జిల్లా ప్రపంచ ఫుట్‌బాల్‌కు ఇద్దరు సంచార కోచ్‌లను ఇచ్చింది. చాయెటినాలో పుట్టి, రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ క్లబ్బుకు డిఫెండర్‌గా ఆడిన మిలోవన్ రాయెవాట్స్ ఒకరు. 1986 నుంచి 2002 వరకు వరుసగా ఐదు ప్రపంచ కప్‌లలో ఐదు వేర్వేరు దేశాలకు కోచ్‌గా ఉన్న బోరా మిలుటినోవిచ్ మరొకరు. పరాయి జట్టును చేపట్టే కోచ్ ఒకేచోట కొన్నేళ్లు నిలవడం మేలా, పోటీ ముంగిట దిగి పని కానిచ్చుకుని వెళ్లడం మేలా అన్నది ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే కొంత తేలుతుంది.

రాయెవాట్స్‌కు పేరు తెచ్చింది 2008 నుంచి 2010 వరకు ఘనాలో చేసిన కొలువే. 2010 జనవరిలో అంగోలాలో జరిగిన ఆఫ్రికా కప్‌కు ప్రధాన మిడ్‌ఫీల్డర్ ఎసియెన్ గాయపడి మధ్యలోనే దూరమైనా, అంతకు ముందటి ఏడాది అండర్-20 ప్రపంచ కప్ గెలిచిన కుర్రాళ్లను నమ్ముకుని ఆయన జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లారు. దారిలో బుర్కినా ఫాసో, అంగోలా, నైజీరియాలపై సాధించిన మూడు గెలుపులూ 1–0 తేడాతోనే వచ్చాయి. ఫైనల్లో ఈజిప్టు చేతిలో ఓడిందీ 0–1తోనే. డిఫెండర్ బుద్ధి స్కోరుబోర్డు మీదే కనిపిస్తుంది. ఆరు నెలలు తిరగకుండానే ప్రపంచ కప్‌లో అదే పద్ధతితో ఆయన తన సొంత దేశం సెర్బియానే 1–0తో ఓడించారు. క్వార్టర్ ఫైనల్ అదనపు సమయం చివరి క్షణాల్లో గోల్ గీత మీద ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ బంతిని చేతులతో ఆపకపోయినా, దానికి దక్కిన పెనాల్టీని ఘనా ఆటగాడు జియాన్ క్రాస్‌బార్‌కు కొట్టకపోయినా, సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు ఘనాయే అయ్యేది.

తరువాతి మజిలీలు ఇలా సాగలేదు. 2016లో అల్జీరియాలో రెండే మ్యాచ్‌లకు కొలువు ముగిసింది. థాయ్‌లాండ్ కథ మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది: 2019 జనవరి 6న అబుదాబిలో, ఆసియా కప్‌లో విరామానికి 1–1గా ఉన్న మ్యాచ్‌ను ఛెత్రి, థాపా, జేజే గోల్స్‌తో భారత్ 4–1గా ముగించగా, మరునాటికల్లా ఆయనను తొలగించారు. 2021లో మళ్లీ ఘనా పిలిచింది. కొన్ని నెలలకే ఆఫ్రికా కప్‌లో కొమొరోస్ చేతిలో 2–3తో ఓడి ఆ జట్టు గ్రూప్ దశలోనే ఇంటికి వచ్చింది, కోచ్ పదవీ పోయింది.

అయితే కొద్దికాలపు కొలువే వైఫల్యానికి కారణమనుకుంటే, 1990లో ప్రపంచ కప్‌కు కొద్ది నెలల ముందే కోస్టారికాను చేపట్టిన బోరా, స్కాట్లాండ్‌ను, స్వీడన్‌ను ఓడించి నాకౌట్‌కు ఎలా చేరారు? నా లెక్కలో తేడా కొలువు కాలంలో కాదు, శిబిరంలో గడిపే రోజుల్లో ఉంది. కోస్టారికా ఆటగాళ్లు స్వదేశీ క్లబ్బులవారే కాబట్టి వారిని ఒకచోట కూర్చడం సులువు; 1994 ప్రపంచ కప్‌కు ముందు బోరా కోచ్‌గా ఉన్న అమెరికా కూడా కాలిఫోర్నియాలోని మిషన్ వియెహోలో శాశ్వత శిబిరం నడిపి జాతీయ జట్టును క్లబ్బులా తయారుచేసుకుంది. అల్జీరియా ఆటగాళ్లేమో ఐరోపా క్లబ్బుల్లో చెదిరి ఉండి, కొద్ది రోజులకోసారి కలిసేవారు. రాయెవాట్స్‌కు ఘనాలో కలిసొచ్చింది కూడా అంగోలాలో దొరికిన ఆ వారాలే.

అందుకే ఆటగాళ్లు చేతికందే దేశానికి బోరా పద్ధతి సరిపోతుంది. వలస ఆటగాళ్ల జట్టుకు రాయెవాట్స్ వంటి కోచ్‌నే ఎంచుకుంటే, కనీసం ఒక పెద్ద పోటీ ఓటమినైనా ఓర్చుకునే సమాఖ్య కూడా ఉండాలి.