పక్కవాద్యం కోసం కొన్న రికార్డు

రికార్డు అట్ట మీద ఉన్న పేరు జాజ్ గిటారు విద్వాంసుడు జిమ్ హాల్‌ది. నేను 22 డాలర్లు పెట్టింది మాత్రం పక్కన డాన్ థాంప్సన్ వాయించిన బేసు కోసం, అంటే నిలువెత్తు ఫిడేలు లాంటి వాద్యం కోసం. టొరంటోలో పాత రికార్డులు అమ్మే ఒక దుకాణంలో, కిటికీ పక్కన కింది అరలో ‘జిమ్ హాల్ లైవ్’ దొరికింది. డబ్బు కట్టేటప్పుడు కౌంటరు దగ్గరి కుర్రవాడు మంచి గిటారు రికార్డు తీసుకున్నారన్నాడు. బేసు వినడానికి తీసుకుంటున్నానని చెప్పాను. అతను అట్ట వెనక్కి తిప్పి, పేరు వెతికి, చదువుకుని ఇచ్చాడు. ఇది జరిగి రెండు నెలలైంది. వారానికి మూడు నాలుగు సార్లు వింటూనే ఉన్నాను.

ముందు వివరాలు. ఇది 1975 జూన్‌లో, టొరంటో క్వీన్ స్ట్రీట్ వెస్ట్‌లోని బర్బన్ స్ట్రీట్ అనే జాజ్ క్లబ్బులో శ్రోతల ముందు వాయించిన కచేరీ. వాయించినవారు ముగ్గురే. గిటారు జిమ్ హాల్, అమెరికన్. డబుల్ బేస్ డాన్ థాంప్సన్, డ్రమ్స్ టెరీ క్లార్క్. ఈ ఇద్దరూ కెనడా పశ్చిమ తీరం వాళ్లు. థాంప్సన్ 1940లో బ్రిటిష్ కొలంబియాలోని పావెల్ రివర్‌లో పుట్టారు, క్లార్క్ వాంకూవర్‌లో. ఏ అండ్ ఎం అనే రికార్డు కంపెనీ తన హొరైజన్ వరుసలో దీన్ని తెచ్చింది. ఉన్నవి అయిదే పాటలు, ‘ఏంజెల్ ఐస్’తో మొదలై ‘ఐ హియర్ ఎ రాప్సడీ’తో ముగుస్తాయి. అన్నీ అప్పటికే జాజ్ వాళ్లందరికీ కంఠతా వచ్చిన పాటలు.

ఈ ముగ్గురిలో పియానో లేదన్న సంగతి గమనించాలి. పియానో ఉన్న బృందంలో బేసు చాలాసార్లు ఆ మోత వెనక దాగిపోతుంది. ఇక్కడ హాల్ ఒక్కో స్వరం చొప్పున అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మంలోకి వెళ్లిపోయినప్పుడు, పాట ఎక్కడ ఉందో చెప్పే బాధ్యత ఒక్క బేసుదే. థాంప్సన్ తప్పటడుగు వేస్తే ముగ్గురూ దారి తప్పుతారు. అలాంటి చోట ఈయన ఎంత నిబ్బరంగా నడుస్తారో వింటే తప్ప తెలియదు.

ఉదాహరణకు ‘స్క్రాపుల్ ఫ్రమ్ ది యాపిల్’. శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ రాసిన పాట, 32 గతులు (ఇంగ్లీషులో బార్లు) ఒక చుట్టు. మన ఆవర్తం లాంటిదే, కాకపోతే చాలా పొడవైనది. గతికి నాలుగు దెబ్బల చొప్పున బేసు నడిస్తే ఒక చుట్టుకు 128 స్వరాలు. ఆ లెక్క నాకెలా తెలుసంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్సు పెట్టుకుని ఒక చుట్టంతా ఒక్కో దెబ్బా లెక్కపెట్టాను. మళ్లీ మొదటికి వెళ్లి, ఈసారి లెక్క మానేసి స్వరాల దారి పట్టుకున్నాను. ఎక్కడా ఊరికే వేసిన స్వరం లేదు. ప్రతి స్వరమూ తర్వాతి స్వరానికి చెయ్యి అందిస్తుంది. పైకి వెళ్తున్న వరుస ఎందుకు వెళ్తోందో నాలుగు దెబ్బల తర్వాత గిటారు అక్కడికి వచ్చినప్పుడు అర్థమవుతుంది. ముందే వెళ్లి దీపం పెట్టి నిలుచున్నట్టు ఉంటుంది.

థాంప్సన్ పియానో, లోహపు పలకల వాద్యమైన వైబ్రాఫోన్ కూడా గొప్పగా వాయిస్తారు. బేసు తీగల మీద ఆయన వేళ్లు ఎంచుకునే స్వరాల్లో ఆ పియానో తెలివి ఉందని నా నమ్మకం. ఆయన సోలోలు వినండి. చాలామంది బేసు విద్వాంసులు తమ వంతు రాగానే వేగం చూపించాలని తొందరపడతారు. ఈయన పాడతారు. పెద్ద శరీరం ఉన్న మనిషి మెల్లగా, గొంతు పెంచకుండా పాడినట్టు ఉంటుంది. ఒక స్వరం మీటి, అది పూర్తిగా అరిగిపోయేదాకా ఆగి, అప్పుడు ఇంకొకటి.

ఆ స్వరం చివరంటా వినిపించడానికి ఇంకొక కారణం ఉంది. ఆ రాత్రుల్లో రికార్డింగు చేసింది కూడా థాంప్సనే. ఈ సంగతి తెలిసిన రోజు నేను రికార్డు మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఒక మనిషి మైకులు పెట్టి, టేపు నడిపించి, తర్వాత వేదిక మీద నిలబడి తన బేసు తాను వాయించాడు. తన వాద్యం ఎలా పలుకుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అయినా బేసును ముందుకు నెట్టుకోలేదు. గిటారుకు ఇవ్వాల్సిన చోటు గిటారుకే ఇచ్చాడు. బేసు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, కానీ స్పష్టంగా ఉంది: తీగ వేలిని వదిలే చిన్న శబ్దం, ఆ తర్వాత చెక్క లోపలి గుమ్మనే ధ్వని. డెబ్బైల నాటి రికార్డుల్లో బేసును మైకు పెట్టకుండా సరాసరి కరెంటు వైరులోంచి తీసుకుని రబ్బరులా సాగదీసిన ధ్వని చాలా వింటాం. ఇందులో అది లేదు. చెక్క చెక్కలాగే వినిపిస్తుంది.

నాకు బేసు మీద ఈ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మాది విజయనగరం. నాన్నగారు మృదంగం వాయించేవారు, పక్కవాద్యంగానే. కచేరీకి బయలుదేరే ముందు మృదంగం ఎడమ మూతకు తడిపిన బొంబాయి రవ్వ అంటించే పని చిన్నప్పుడు నాదే. రవ్వ తక్కువైతే మోత పొడిగా ఉంటుంది, ఎక్కువైతే మూగబోతుంది. సరిగ్గా కుదిరినప్పుడు ఆ ఎడమ చేతి గుమికీ చెవికంటే ముందు పొట్టలో తెలుస్తుంది. థాంప్సన్ కింది తీగ మీటినప్పుడు నాకు తెలిసేది అక్కడే. పాట బాగుంటే పాడినవాళ్లను మెచ్చుకుంటారు, తాళం తప్పితే మృదంగాన్ని అంటారు అని నాన్నగారు నవ్వుతూ అనేవారు. ఆ మాటలోని బాధ నాకు ఈ దేశం వచ్చి బేసు వినడం మొదలుపెట్టాక అర్థమైంది.

కెనడా బేసు విద్వాంసులకు పేరు రాకపోవడం వెనక వాళ్ల లోపం ఏమీ లేదు. బర్బన్ స్ట్రీట్ లాంటి క్లబ్బులకు అమెరికా నుంచి పేరున్న విద్వాంసులు ఒంటరిగా వచ్చేవారు. పక్కవాద్యం ఊళ్లోవాళ్లది. వారం రోజులు వాయించి వచ్చినవారు వెళ్లిపోతారు, వాళ్ల పేరుతో రికార్డు వస్తుంది. ఊళ్లోవాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు. కెనడా జాజ్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మాంట్రియల్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు ఆస్కర్ పీటర్సన్. ఆయన పక్కన బేసు అనగానే గుర్తొచ్చేది పిట్స్‌బర్గ్‌కు చెందిన రే బ్రౌన్, తర్వాత డెన్మార్క్‌కు చెందిన నీల్స్ హెనింగ్ ఓర్స్టెడ్ పెడర్సన్. ఇద్దరూ మహానుభావులే. కానీ పీటర్సన్ పక్కన విన్నిపెగ్ వాడైన డేవ్ యంగ్ కూడా వాయించారు, మాంట్రియల్ వాడైన మిషెల్ డొనాటో కూడా వాయించారు. డేవ్ యంగ్ సింఫనీ ఆర్కెస్ట్రాల్లో ప్రధాన బేసు విద్వాంసుడిగా పనిచేసినవారు. కమానుతో ఆయన తీసే నాదం వింటే ఆ చదువు తెలుస్తుంది. విక్టోరియాలో పుట్టిన నీల్ స్వెయిన్సన్ సొంత రికార్డు ‘ఫార్టీ నైన్త్ ప్యారలల్’లో పక్కన వాయించింది ట్రంపెట్ విద్వాంసుడు వుడీ షా, శాక్సోఫోన్ విద్వాంసుడు జో హెండర్సన్. అంతటివాళ్లు ఒక బేసు విద్వాంసుడి పేరుతో వచ్చే రికార్డులో వాయించారంటే, ఆయన ఎలాంటివారో వాళ్లకు తెలుసు. తెలియనిది మనకే.

థాంప్సన్ విషయానికే వస్తే, 1965లో కాలిఫోర్నియాలోని మాంటెరే జాజ్ ఉత్సవంలో శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ హాండీ బృందం ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నప్పుడు అందులో బేసు ఈయనదే, డ్రమ్స్ ఈ క్లార్క్‌వే. ఆ హాండీయే 1975లో అలీ అక్బర్ ఖాన్‌తో, జాకిర్ హుస్సేన్‌తో కలిసి రికార్డు చేశారు. హిందుస్తానీ సంగీతం వినే మనవాళ్లకు ఆయన పేరు అలాగైనా పరిచయం ఉండవచ్చు. పదేళ్ల పాటు పక్కపక్కనే వాయించిన బేసు, డ్రమ్స్ ఎలా ఉంటాయో ఈ రికార్డులో తెలుస్తుంది. క్లార్క్ సింబల్ అనే కంచు పళ్లెం మీద సన్నగా వేసే దెబ్బ, థాంప్సన్ మీటు ఒకే చేతి పనిలా కలిసిపోతాయి.

ఇదే 1975 శరదృతువులో, ఇదే క్లబ్బులో పాల్ డెస్మండ్ వాయించిన కచేరీలనూ థాంప్సన్ బేసు వాయిస్తూ రికార్డు చేశారు. డెస్మండ్ అంటే ‘టేక్ ఫైవ్’ రాసిన శాక్సోఫోన్ విద్వాంసుడు. ఆ టొరంటో రికార్డింగులను మొజాయిక్ సంస్థ 2020లో 7 సీడీల పెట్టెగా తెచ్చింది. నేను దాని కోసం డబ్బు కూడబెడుతున్నాను. హాల్ టేపుల్లో మిగిలినవి 2012లో ఆర్టిస్ట్‌షేర్ సంస్థ ద్వారా రెండు, మూడు, నాలుగు భాగాలుగా వచ్చాయి. ఈ మొదటిది నచ్చినవాళ్లు తప్పకుండా అటు వెళ్తారు.

ఇక కొనేవాళ్లకు పనికొచ్చే మాటలు. దయచేసి దీన్ని ఫోను స్పీకరులో వినకండి. డబుల్ బేస్ అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఫోనులోని గోరంత స్పీకరు ఆ స్వరాన్ని పలికించలేదు. మీకు వినిపించేది గిటారు, సన్నగా డ్రమ్స్, మధ్యలో ఏదో గొణుగుడు. అలా విని ఇందులో ఏముంది అనుకుంటే థాంప్సన్‌కు అన్యాయం చేసినట్టే. మామూలు హెడ్‌ఫోన్సు చాలు. ఇంట్లో స్పీకర్లు ఉంటే వాటిని గోడ మూలకు ఆనించకుండా ఒక అడుగు ముందుకు జరపండి. మూలలో పెడితే బేసు ఉబ్బిపోయి స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మా ఇంట్లో పుస్తకాల అర పక్క నుంచి స్పీకర్లు జరిపిన రోజు నాకు కొత్త రికార్డు కొన్నట్టు అనిపించింది.

నేను కొన్న ఈ రికార్డు మీద ఒక ఫిర్యాదు ఉంది. అట్టకు అంటించిన చీటీ మీద గీతలు లేవని రాశారు. రెండో వైపు మొదటి పాటలో ‘ది వే యూ లుక్ టునైట్’ నడుస్తుండగా ఒక గీత ఉంది. దాదాపు అర నిమిషం పాటు పళ్లెం తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. అదీ తాళంలో పడదు. దుకాణానికి తీసుకెళ్తే వారం దాటింది కాబట్టి మార్చలేమన్నారు. కొనేటప్పుడు పళ్లెం బయటికి తీసి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసి ఉండాల్సింది. మీరు అలా చూసి కొనండి.

ధర సంగతికి వస్తే, 22 డాలర్లు ఎక్కువ కాదు. పళ్లెం మందంగా ఉంది, మొదటి వైపు శుభ్రంగా ఉంది. ఒక్క మొదటి వైపు కోసమైనా ఆ డబ్బు ఇస్తాను.

ఈ వేసవిలో నాన్నగారు వచ్చారు. అంతకుముందు ఒకసారి విజయనగరానికి వీడియో కాల్‌లో వినిపించబోయాను. ఆయనకు గిటారు తప్ప ఏమీ అందలేదు, బాగుందమ్మా అని ఊరుకున్నారు. ఈసారి సోఫాలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్సు నేనే పెట్టి, ‘స్క్రాపుల్’ దగ్గర సూది దించాను. మొదటి చుట్టు ఊరికే విన్నారు. రెండో చుట్టులో కుడి చెయ్యి మోకాలి మీదికి వచ్చింది. మూడో చుట్టుకు తాళం వేస్తున్నారు. 32 గతులు తిరిగి మొదటికి వచ్చే చోట అరచెయ్యి గట్టిగా పడింది, థాంప్సన్ దెబ్బతో కలిసి. కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్సు పెట్టుకున్నవాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అడిగారు, "అమ్మాయ్, ఆ పెద్ద ఫిడేలు వాయిస్తున్నాయన పేరేమిటి?"

చెప్పాను. మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. తర్వాత అట్ట తీసుకుని, అద్దాలు పెట్టుకుని, వెనక వైపు ఆ పేరు ఉన్న చోట వేలు పెట్టి చదువుకున్నారు. రెండో వైపు కూడా పెట్టమన్నారు. గీత ఉందని చెప్పాను. ఫరవాలేదు, పెట్టు అన్నారు.