మైక్రోటిక్ హెక్స్‌లో బ్యాకప్ రూట్: ఏళ్ల తరబడి వాడాక

రెండు నెట్ లైన్లు పెట్టుకున్న చిన్న ఆఫీసు ఏదైనా సరే, మైక్రోటిక్ హెక్స్ అనే చిన్న రౌటర్ తీసుకోమనే చెబుతాను, కాకపోతే బ్యాకప్ రూట్ (మెయిన్ లైన్ పోతే రెండోదాని మీదకి మార్చే దారి) ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి.

చాలామంది రెండు డిఫాల్ట్ రూట్లు (నెట్‌కి వెళ్లే మామూలు దారులు) రాసి, మెయిన్‌కి డిస్టెన్స్ 1, రెండోదానికి 2 ఇచ్చి (తక్కువ అంకె ఉన్నదాన్నే రౌటర్ ముందు వాడుతుంది) వదిలేస్తారు. రౌటర్ నుంచి కేబుల్ పీకితే చక్కగా మారుతుంది, అందరికీ ధైర్యం వచ్చేస్తుంది. తీరా ఎక్కడో రోడ్డు తవ్వి ఫైబర్ తెగిన రోజు మాత్రం మారదు. ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే ప్రొవైడర్ పెట్టెకి) కరెంటు ఉంటుంది, రౌటర్ పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇక రూట్ ఎందుకు పడిపోతుంది? సిస్కో రౌటర్లలోనూ ఇంతే, అందుకే అక్కడ స్టాటిక్ రూట్‌కి (చేత్తో రాసినదానికి) అవతలి వైపు పలుకుతోందా అని చూసే ఐపీ ఎస్‌ఎల్‌ఏ, ట్రాక్ తగిలిస్తారు.

మైక్రోటిక్‌లో రూట్‌కి ఉండే చెక్ గేట్‌వేలో పింగ్ పెడితే (గేట్‌వే, అంటే ప్రొవైడర్ వైపు మొదటి మెషీన్, పలుకుతోందా అని అడగడం) కొంత నయం. 10 సెకన్లకోసారి అడుగుతుంది, వరసగా రెండుసార్లు జవాబు రాకపోతే రూట్ తీసేస్తుంది. కానీ ప్రొవైడర్ గేట్‌వే పలుకుతూనే దాని వెనక లైన్ పోతే? మాకు ఎక్కువగా జరిగేది అదే, దానికి రికర్సివ్ రూట్ (ఇంకో రూట్ మీద ఆధారపడే రూట్) ఒక్కటే మందు. గూగుల్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుని ఐపీగా మార్చే) సర్వర్ 8.8.4.4కి మెయిన్ గేట్‌వే మీదుగా స్కోప్ (ఏ రూట్ ఏ రూట్ మీద ఆధారపడొచ్చో తేల్చే అంకె) 10తో ఒక రూట్ రాసి, డిఫాల్ట్ రూట్‌కి ఆ 8.8.4.4నే గేట్‌వేగా ఇచ్చి పింగ్ పెట్టాలి. రౌటర్‌ఓఎస్ (మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్) 7లో ఆ డిఫాల్ట్ రూట్‌కి టార్గెట్ స్కోప్ 11 ఇవ్వాలి, 6లో నడిచిన 10 అక్కడ నడవదు. మెయిన్ పోయినప్పుడు 8.8.4.4 ఎవరికీ అందదు కాబట్టి సిస్టమ్‌లలో దాన్ని డీఎన్‌ఎస్‌గా పెట్టొద్దు.

నాకు ఇప్పటికీ నచ్చనిది పాత కనెక్షన్ల సంగతి. లైన్ మారాక బ్రౌజింగ్ వెంటనే లేస్తుంది, ఐపీ ఫోన్లు మాత్రం మూగబోతాయి. ఇంటర్‌ఫేస్ పడిపోలేదు కదా, మాస్కరేడ్ ఎంట్రీలు (ఏ కనెక్షన్ బయటికి ఏ ఐపీతో వెళ్తోందో రౌటర్ రాసుకునే లెక్క) పాత ఐపీతోనే ఉండిపోతాయి, ఫోన్ మళ్లీ మళ్లీ రిజిస్టర్ కావాలని చూసేకొద్దీ అవి ఇంకా బతుకుతాయి. నెట్‌వాచ్‌లో (లైన్ పడినా లేచినా స్క్రిప్ట్ నడిపే రౌటర్ టూల్) చిన్న స్క్రిప్ట్ రాసి వాటిని తీసేయిస్తే తప్ప టెన్షన్ తగ్గలేదు, మెయిన్ తిరిగొచ్చినప్పుడూ అది నడవాలి. ఇలాంటిది ఒక టిక్ బాక్స్‌తో అయిపోవాలి, స్క్రిప్ట్ దాకా రానివ్వకూడదు.

టెస్ట్ చేసేటప్పుడు ఓఎన్‌టీ వెనక ఆకుపచ్చ ఫైబర్ కనెక్టర్ తీసి చూడండి, తర్వాత ఫైర్‌వాల్ అవుట్‌పుట్ చైన్‌లో (రౌటర్ తనంతట తాను పంపేవాటి రూల్స్ ఉండే చోట) 8.8.4.4కి పింగ్ ఆపి చూడండి. రెండుసార్లూ అర నిమిషంలోపు మారి, ఆ వెంటనే ఫోన్లు కూడా మోగితే సెట్టింగ్ కుదిరినట్టే.